సరకుల బండి క్యాబినులో రొదయు వేడిమియు తగ్గించుకొను విధము



మిరప కోతలు ముగిసి, టిక్కీలు గుంటూరు యార్డునకు తరలు దినములలో నేను మన సంఘపు పికప్ బండిలో డ్రైవరు ప్రక్కను కూర్చుండి ప్రయాణము చేసితిని. యార్డు గేటువద్ద బండి నిలిచిన పిమ్మట టిక్కీలెన్ని యని యతని నడిగితిని. అతడు డీజిలు ఎంత మిగిలియున్నదో చెప్పెను. మరల నడిగితిని. నా పెదవులవైపు చూచి, అప్పుడు సరియైన లెక్క చెప్పెను. వయస్సు ముప్పదిరెండేండ్లు దాటని మనిషి. సంగతి యేమని విచారింపగా, “అయ్యగారూ, నేను బండి దిగినను బండి నా చెవిలోనుండి దిగదండీ. రాత్రి పండుకొన్న తరువాత గూడ కీచురాళ్లు కూయుచునే యుండును. మా చిన్నపిల్ల ముద్దుముద్దుగా చెప్పు మాటలు నాకు సగము తెలియవు,” అనెను.

ఆ మాట విన్ననాటినుండి ఈ విషయమును గూర్చి నాలుగు సంగతులు తెలిసికొని, మన బండికి చేయదగిన మరమ్మతు చేయించితిమి. మన సభ్యులలో పలువురికి సొంత పికప్ బండ్లు కలవు. తక్కినవారి కుమారులో అల్లుండ్రో అట్టి బండ్లు నడుపుచున్నారు. కావున తక్కువ ఖర్చుతో క్యాబినులోని రొదను, వేడిమిని ఎట్లు తగ్గించుకొనవచ్చునో ఇచ్చట వ్రాయుచున్నాను.

చెవికి కలుగు నష్టము

శబ్దపు బలమును డెసిబెల్‌లలో కొలుతురు. ఈ లెక్క మన మానికల లెక్కవంటిది కాదు. 3 డెసిబెల్‌లు పెరిగినచో చెవిలో పడు శబ్దశక్తి రెండింతలగును. అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు చొప్పున 85 డెసిబెల్‌ల రొదలో దినమునకు 8 గంటలకు మించి ఉండరాదు. 88 అయినచో 4 గంటలు, 91 అయినచో 2 గంటలు మాత్రమే. దీనినే త్రిప్పి చూచినచో మనకొక ధైర్యము కలుగును: క్యాబినులో 3 డెసిబెల్‌లు తగ్గించినను చెవికి పడు భారము సగమగును. అనగా కొంచెము పనియు వ్యర్థము కాదు.

చెవి లోపల శబ్దమును గ్రహించు సూక్ష్మమైన రోమకణములు కలవు. ఇవి చచ్చినచో మరల మొలవవు. మొట్టమొదట సన్నని ధ్వనులు పోవును: పిచ్చుక కూత, పిల్లల మాట, ‘స’, ‘త’ వంటి అక్షరములు. అందుచేతనే ఇట్టివారు “వినబడుచున్నది గాని, ఏమన్నారో తెలియుట లేదు” అందురు. మన దేశములో డ్రైవరు కుడిప్రక్క కూర్చుండును గనుక, అద్దము దించి నడుపువాని కుడి చెవికి గాలి రొదయు, ఎదురు బండ్ల రొదయు అధికముగా తగులును. చెవిలో హోరు కలిగినవారు మందుల దుకాణమున చుక్కలు కొని పోసికొనక, చెవి వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలెను.

ఇక వేడిమి. రెంటచింతల యెండలు ఎరుగనివారు మనలో లేరు. పెద్ద లారీల క్యాబినులకు 2025 సంవత్సరమునుండి క్రొత్తగా తయారగు బండ్లలో ఏసీ తప్పనిసరి చేసిరి. అయితే ఆ నియమము మొత్తము బరువు 3.5 టన్నులు దాటిన బండ్లకే గాని, మన చిన్న సరకుల బండ్లకు వర్తింపదు. మన సంగతి మనమే చూచుకొనవలెను. ఎండకు వేగి, చెమట కారి, రొదకు తల దిమ్మెక్కిన మనిషికి మధ్యాహ్నపు వేళ కన్ను మూతపడుట వింత గాదు. ఆ ఒక్క క్షణములో పోవునది టిక్కీలు మాత్రమే కాదు.

రొద వచ్చు త్రోవలు

వానకాలములో రేకుల యింటిలో కూర్చున్నవారికి చినుకుల రొదచే మాట వినబడదు; తాటియాకుల యింటిలో ఆ వానయే మెల్లగా వినబడును. వేసవిలో రేకుల యిల్లు పెనమగును. తాటియాకుల యిల్లు చల్లగానుండును. బండి క్యాబిను రేకుల యిల్లే. దానికి తాటియాకుల గుణము కొంత తెచ్చిపెట్టుటయే మన పని.

రొద రెండు త్రోవల వచ్చును. ఒకటి రంధ్రముల గుండ గాలితో వచ్చునది. రెండవది ఇంజిను, చక్రములు అదరగా ఆ యదురు ఇనుప రేకులకు పాకి, రేకులే మ్రోగుటవలన వచ్చునది. కంచు పళ్లెమును కొట్టినచో ఖంగున మ్రోగును. అరచేయి ఆనించినచో ఆగిపోవును. రేకునకు అరచేయివలె అంటియుండు వస్తువొకటి కావలెను. అంతేకాక శబ్దమును అడ్డగించుటకు బరువైన పొరయు, లోపల చేరిన శబ్దమును పీల్చుటకు మెత్తని పొరయు కావలెను. అదురు ఆపుట, అడ్డగించుట, పీల్చుట యను ఈ మూడు పనులు వేరు వేరు. ఒకే వస్తువు మూడింటిని చక్కగా చేయునని చెప్పు అంగడివాని మాట నమ్మరాదు.

ఖర్చు లేని పనులు మొదట

బజారునకు పోకముందు బండిని పరీక్షింపవలెను. నిలిపియున్న బండిలో ఇంజినును సామాన్యముగా రోడ్డుమీద తిరుగు వేగమునకు తెచ్చి వినుడు. అప్పుడే పెద్ద రొద వచ్చినచో దోషము ఇంజినువైపున నున్నది. బండి కదలినప్పుడే హెచ్చగుచున్నచో అది చక్రములది, గాలిది, లేక వదులైన రేకులది. కదలు బండిలో ఇంజిను ఆపి పరీక్షింపరాదు; బ్రేకులకును స్టీరింగునకును బలము తగ్గి ప్రమాదము కలుగును. పరీక్షకు ఒకడు నడుపవలెను, మరియొకడు వినవలెను. సెల్‌ఫోనులోని శబ్దమాపక యాప్ చూపు అంకె ఖచ్చితము కాదు. అయినను అదే ఫోను, అదే రోడ్డు, అదే వేగము ఉంచినచో పనికి ముందును వెనుకను గల భేదము తెలిసికొనుటకు చాలును.

తరువాత జాకీ, పానాలు, నీళ్ల డబ్బా మొదలైన కదలు వస్తువులను గుడ్డలో చుట్టి బిగింపుడు. వదులైన మరలు బిగింపుడు. చక్రములలో గాలి సరిగా నుంచుడు. ఇంజిను క్రింది రబ్బరు దిమ్మలు అరిగినవేమో మెకానికునకు చూపుడు. అవి చచ్చియున్నచో పైన ఎన్ని పొరలు పరచినను ప్రయోజనము లేదు.

సైలెన్సరు గొట్టమును తప్పక చూపింపవలెను. దాని కీళ్లు కారుచున్నచో రొద యొక్కటే కాదు, పొగయు క్యాబినులోనికి రావచ్చును. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు కలిగించి ప్రాణము తీయగలదు. సైలెన్సరు బాగుచేయింపక రంధ్రములు మూసి, అద్దములెత్తి తిరుగుట మిక్కిలి అపాయకరము.

రంధ్రములు మూయుట

మడిగట్టున ఎలుకబొక్క యొకటి చాలును, నీరంతయు పోవుటకు. శబ్దమునకు గూడ ఇదే న్యాయము. గోడలో నూటికి ఒక పాలు తెరచియున్నచో, తక్కిన గోడ ఎంత దళసరియైనను మొత్తమునకు 20 డెసిబెల్‌లకంటె ఎక్కువ తగ్గింపు రాదు. కావున రంధ్రములు మూయకముందు విలువైన అట్టలు అంటించుట డబ్బు పారవేయుటయే.

రాత్రివేళ ఒకరు క్యాబినులో కూర్చుండి, మరియొకరు బయట టార్చిలైటు వేసి తిప్పవలెను. వెలుతురు కనబడు చోట గుర్తు పెట్టుడు. కాలి పెడళ్ల చుట్టును, గేరు కడ్డీ అడుగున, వైర్లు దూరు చోట్లను తఱచుగా రబ్బరు బిళ్లలు చినిగియుండును. వానికి క్రొత్తవి వేయింపుడు. తలుపు రబ్బరుల పరీక్షకు ఒక కాగితపు ముక్కను నడుమ నుంచి తలుపు మూసి లాగుడు. బిగువుగా వచ్చినచో మంచిది. జారి వచ్చినచో రబ్బరు చచ్చినదని గాని, తలుపు కీలు వదులైనదని గాని అర్థము. మా బండికి ఈ ఒక్క పనివలననే దుమ్ము రాక సగమునకు పైగా తగ్గెను. దుమ్ము వచ్చు త్రోవయే రొద వచ్చు త్రోవ యని గ్రహింపుడు.

రేకుల అదురు ఆపుట

దీనికి ఒకప్రక్క పలుచని అల్యూమినియము పొరయు, మరియొకప్రక్క జిగురును గల బ్యూటైల్ రబ్బరు అట్టలు కారు సామానుల అంగళ్లలో దొరకును. 2 మిల్లీమీటర్ల దళసరి చాలును. ఇంటి కప్పులకు వేయు తారు అట్టలు ఇంతకన్న చౌక. అయితే మన యెండలో తారు మెత్తబడి జారును, వాసన వేయును. తలమీది కప్పునకు అంటించినచో ఊడి మీద పడును. అక్కడ చౌక చూడరాదు.

ఖర్చు తగ్గించు కిటుకు ఏమనగా, రేకునంతటిని కప్ప నక్కరలేదు. రేకు మధ్యభాగమే ఎక్కువగా అదురును. వ్రేలి కణుపుతో తట్టి చూడుడు. టంగున మ్రోగు చోట, రేకు వైశాల్యములో నాలుగవ వంతు మొదలు సగము వరకు అంటించిన చాలును. మరల తట్టినపుడు డబ్ డబ్ మని మొద్దుగా పలికినచో పని సరిపోయినది. చిన్న క్యాబినుకు మూడు, నాలుగు చదరపు మీటర్ల అట్ట సరిపోవును; దాని బరువు సుమారు పది పన్నెండు కిలోలు. ఒక చిన్న సంచి యెరువుపాటి బరువే గాన మోతకు నష్టము లేదు.

పనికి ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. రేకుమీది త్రుప్పు గీకి, నూనె జిడ్డును స్పిరిటుతో తుడిచి, బాగుగ ఆరనిచ్చి, ఎండ కాక తగిలిన రేకుమీద అంటించి, కఱ్ఱ రోలరుతో గట్టిగా నొక్కవలెను. తడిమీదగాని త్రుప్పుమీదగాని అంటించినచో పుండుమీద పట్టు వేసినట్లే, లోపల తినుచుండును.

నా పొరపాటు ఒకటి చెప్పెదను. తలుపుల లోపల పని చేయునపుడు, అడుగున నున్న చిన్న రంధ్రములను నేను దోషములనుకొని జిగురుతో మూయించితిని. వానలు వచ్చెను. అద్దము ప్రక్కనుండి తలుపులోనికి దిగిన నీరు బయటికి పోవు త్రోవ లేక నిలిచి, రెండు నెలలలో అడుగు రేకు త్రుప్పుపట్టెను. ఆ రంధ్రములు నీరు పోవుటకే యున్నవి. పొలమునకు మురుగు కాలువ ఎట్టిదో తలుపునకు అవి అట్టివి. రైతునకు మురుగు కాలువ విలువ బోధించు నేనే దానిని మూయించితిని గదా! మీరట్లు చేయవలదు. తలుపులోపలి ప్లాస్టికు కాగితమును గూడ చింపక మరల యథాప్రకారము అంటింపవలెను. అద్దము దిగు త్రోవలో ఏదియు అడ్డముండరాదు.

బరువు పొరయు మెత్తని పొరయు

కాలిక్రింది నేలకు బరువైన పొర కావలెను. అడ్డుగోడ బరువు రెండింతలైనచో సిద్ధాంతరీత్యా సుమారు 6 డెసిబెల్‌లు తగ్గును. దీనికై అంగడిలో విలువైన వినైలు చాపలు కలవు. మేము పశువుల కొట్టములో పరచు రబ్బరు మ్యాట్టును కొలతకు కోయించి వేసితిమి. దాని క్రింద నీరు పీల్చని, మూతకణముల ఫోము పొర యొకటి పరచితిమి. మెత్తని పొరపై బరువైన పొర వేయుటలో లాభమేమనగా, అడుగు రేకు అదురు పైపొరకు నేరుగా తగులదు.

ఇచ్చట ఒక జాగ్రత్త. మ్యాట్టు దళసరివలన పెడళ్లు పూర్తిగా దిగకపోవుట గాని, మ్యాట్టు జరిగి ఆక్సిలరేటరు క్రింద చిక్కుకొనుట గాని జరుగరాదు. పని ముగిసిన పిమ్మట మూడు పెడళ్లను చేతితో నేల వరకు అదిమి చూచి, మ్యాట్టు కదలకుండ బిగింపవలెను. సీటు విప్పినచో దాని బోల్టులను, నడికట్టు బెల్టు బోల్టులను మెకానికుచేతనే బిగింపించుడు. ఎయిర్‌బ్యాగు గల బండ్లలో దాని తీగల జోలికి పోరాదు.

గోనెపట్టలు, కొబ్బరిపీచు, పాత దూది వాడవచ్చునా యని కొందరడిగిరి. ఇవి శబ్దమును కొంత పీల్చును, నిజమే. కాని తడిని పట్టి రేకును తినిపించును, ఎలుకలు గూడు పెట్టును, నిప్పు తగిలిన మండును. థర్మోకోలు రొదను ఆపదు. పైపెచ్చు మండి కరగి మీద కారును. ఏ వస్తువైనను కొనకముందు చిన్న ముక్కను ఆరుబయట అగ్గిపుల్లతో కాల్చి చూడుడు. నిప్పు తీసిన వెంటనే ఆరిపోవునది ఉత్తమము. మండుచునే యుండునది మన బండికి వలదు.

వేడిమి నాపుట

రొద నాపు అట్ట వేడిమిని అంతగా ఆపదు. వేడిమికి వేరే ఉపాయము కావలెను. అది కప్పునుండి, అద్దములనుండి, ఇంజినునుండి వచ్చును.

కప్పు లోపలి గుడ్డను దించి, రేకు నడుమ బ్యూటైల్ ముక్కలు అంటించి, వానిపై 6 మొదలు 10 మిల్లీమీటర్ల మూతకణముల ఫోము సందు లేకుండ అంటించి, గుడ్డ మరల బిగింపవలెను. ఖర్చు ఒక్క పనికే సరిపడునన్నచో వేడిమి విషయమున ఈ పనియే చేయుడు. మెరుగు కాగితపు పొరలు వాడువారు ఒక సంగతి తెలిసికొనవలెను. మెరుగు కాగితము వేడికిరణములను త్రిప్పికొట్టవలెనన్న దాని యెదుట కొంచెము గాలి సందు ఉండవలెను. రెండు రేకుల నడుమ ఒత్తుకొనియున్న మెరుగు కాగితము వేడిమిని ఆపదు. తెల్లరంగు కప్పు ఎండను చాల భాగము త్రిప్పికొట్టును. క్రొత్త బండి కొనువారు ఈ సంగతి మరువవలదు. ఉన్న బండికి రంగు మార్పదలచినవారు ముందుగా రవాణా కార్యాలయమున అనుమతి పొందవలెను.

అద్దములకు నల్లని ఫిల్ము అంటించుట వలదు. 2012 సంవత్సరమున సుప్రీంకోర్టు అట్టి ఫిల్ములను నిషేధించెను. ముందు, వెనుక అద్దములగుండ నూటికి 70 పాళ్లు, ప్రక్క అద్దములగుండ నూటికి 50 పాళ్లు వెలుతురు పోవలెనని మోటారు వాహనముల నియమము. బండి నిలిపినపుడు ముందద్దమునకు మెరుగు అట్ట యొకటి అడ్డము పెట్టుట, చెట్టునీడ చూచి నిలుపుట చాలును.

సీటు క్రింద ఇంజిను గల బండ్లలో వేడిమి నేరుగా నడుపువానికి తగులును. అట్టిచోట సామాన్యమైన ఫోము పనికిరాదు, కాలిపోవును. వేడికి తాళు గాజునార చాపకు మెరుగు పొర కలది ఇంజిను మూతకు లోపలివైపున మరలతో బిగింపించుడు. గాజునార అంటునపుడు చేతులకు తొడుగులును, ముక్కునకు గుడ్డయు ఉండవలెను. సైలెన్సరు గొట్టమునకు, డీజిలు గొట్టములకు, తిరుగు పట్టీలకు ఏ చాపయు తగులరాదు. ఇంజినుకు గాలి వచ్చు త్రోవలను మూయరాదు.

ఏ వరుసను చేయవలెను?

డబ్బు చాలనివారు అన్నియు ఒక్కసారి చేయ నక్కరలేదు. ఈ వరుసను పాటింపుడు.

1. సైలెన్సరు, ఇంజిను దిమ్మలు, వదులు మరలు బాగుచేయుట.
2. పెడళ్ల, గేరు, వైర్ల రంధ్రములును తలుపు రబ్బరులును సరిచేయుట.
3. నేలకు ఫోము, దానిపై బరువైన రబ్బరు మ్యాట్టు.
4. కప్పునకు బ్యూటైల్ ముక్కలు, ఫోము.
5. తలుపులకును, వెనుక గోడకును బ్యూటైల్ ముక్కలు.

మొదటి రెండింటితో చాలమందికి తృప్తి కలుగును. ఒక్కొక్క పనికి తరువాత వారము దినములు బండి నడిపి, వినిచూచి, పిమ్మట రెండవ పనికి పోవుడు. అట్లు చేసినచో ఏది ఫలించినదో తెలియును, వ్యర్థపు ఖర్చు తప్పును.

క్యాబినును చప్పుడు లేని పెట్టెగా చేయవలెనని నా భావము కాదు. హారను, అంబులెన్సు కూత, చక్రము చెడినప్పటి క్రొత్త శబ్దము నడుపువానికి వినబడుచునే యుండవలెను. రొద తగ్గినచో ఇవి మఱింత స్పష్టముగా వినబడును. అద్దములన్నియు మూసి తిరుగువారు నడుమ నడుమ గాలి ఆడనీయవలెను. రొదను ముంచుటకై చెవిలో పాటల యియర్‌ఫోనులు పెట్టుకొనుట మాత్రము రోగముపై విషము పోయుటయే.

మన బండికి ఈ పనులు రెండు ఆదివారములలో సంఘపు షెడ్డులోనే చేసితిమి. మునుపు ప్రక్కవానితో కేకవేసి మాటాడవలసిన బండిలో ఇప్పుడు ఇంట మాటాడునట్లు మాటాడుచున్నాము. డ్రైవరు చెవిలోని హోరు పూర్తిగా పోలేదు. పోయిన వినికిడి తిరిగి వచ్చునని వైద్యుడు చెప్పలేదు, నేనును చెప్పను. ఉన్నది నిలుచుటయే మన లాభము. అతని తమ్ముడు ఈ యేడు బండి నడుప నేర్చుచున్నాడు. వాని చెవులు ఇంకను పూర్తిగా నున్నవి.

మనము ఎడ్ల మెడ కాయలు కాచినచో కాడికి గుడ్డ చుట్టుదుము. బండి నడుపు మన బిడ్డ చెవి కనబడదు గనుక మరచితిమి. సొంత బండి గల సభ్యులు రాబోవు సంతనాడు సంఘ కార్యాలయమునకు వచ్చినచో, మన బండి తలుపు విప్పి పని చేసిన విధమును నా చేతులతో చూపెదను. ఫోము, రబ్బరు మ్యాట్టు పదిమంది కలసి కొన్నచో ధర తగ్గును. కలసి కొనుటకే గదా మన సంఘము.

— వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు